రసాయనశాస్త్రంలో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు తెలియాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

ఉన్నత పాఠశాలల్లో రసాయనశాస్త్ర బోధన గురించి పత్రికల్లో చర్చ వచ్చినప్పుడల్లా అది ప్రయోగశాలలు లేవన్న మాటతో మొదలై, భర్తీ కాని పోస్టుల దగ్గర ముగుస్తుంది. ఆ రెండూ కాదనలేని సంగతులే. అయితే ప్రయోగశాల, ఉపాధ్యాయుడు రెండూ ఉన్న బడుల్లో కూడా జరగని పని ఒకటి ఉంది. తాను నోటు పుస్తకంలో రాస్తున్న సంఖ్య ఏ పరికరం నుంచి వచ్చింది, అందులో ఎన్ని అంకెలను నమ్మవచ్చు, దాని పక్కన ఏ ప్రమాణం ఉండాలి అని విద్యార్థి ఆలోచించే అలవాటు మనం చేయించడం లేదు. చాలాకాలం భౌతిక రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేసినవాడిగా ఈ ఒక్క విషయం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో దాదాపు ప్రతి విద్యార్థీ చేసే పనితోనే మొదలుపెడతాను. ఆగ్జాలిక్ ఆమ్లం స్ఫటికాలను తూచి, 250 మి.లీ. కుప్పెలో కరిగించి, గుర్తు వరకు నీరు పోసి, ఆ ద్రావణం మోలారిటీ, అంటే లీటరులో ఎన్ని మోళ్లు కరిగి ఉన్నాయో, లెక్కకట్టాలి. త్రాసు 3.14 గ్రాములు చూపిందనుకుందాం. స్ఫటికాల మోలార్ ద్రవ్యరాశి 126.07 గ్రాములు కాబట్టి క్యాలిక్యులేటర్ 0.0996272 అని చూపిస్తుంది, విద్యార్థి ఆ ఏడు దశాంశ స్థానాలనూ రికార్డులోకి ఎక్కిస్తాడు, రికార్డు దిద్దేవారు పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెడతారు. ఇప్పుడు అదే విద్యార్థిని 3.14కు బదులు 3.15 పెట్టి మళ్లీ లెక్కకట్టమనండి. జవాబు 0.0999445 వస్తుంది. త్రాసులో చివరి అంకె ఒక్కటి కదిలితే జవాబులో నాలుగో దశాంశ స్థానమే మారిపోయింది. మరి ఆ తర్వాత రాసిన మూడు అంకెలు దేని గురించి చెబుతున్నట్టు? ఈ ఒక్క ప్రశ్న పది నిమిషాలు తరగతిలో నలిగితే, సార్థక అంకెలంటే ఏమిటో పిల్లలకు నిర్వచనం చెప్పవలసిన అవసరమే ఉండదు. 0.0996 దగ్గర ఆగాలని వాళ్లే చెబుతారు.

మనం చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో సార్థక అంకెల నియమాలను వరుసగా చెప్పి, ముందున్న సున్నాలు లెక్కలోకి రావు, మధ్య సున్నాలు వస్తాయి, దశాంశ బిందువు తర్వాత చివర ఉన్న సున్నాలు వస్తాయి అని కంఠస్థం చేయించి, 0.00250లో ఎన్ని సార్థక అంకెలున్నాయని రెండు మార్కుల ప్రశ్న అడిగి ఊరుకుంటున్నాం. పిల్లవాడు మూడు అని సరిగానే రాస్తాడు. ఆ చివరి సున్నా ఉండాలంటే ఎవరో ఒకరు ఏదో ఒక పరికరంతో అంతవరకు కొలిచి ఉండాలన్న సంగతి మాత్రం అతని ఊహకు అందదు. పైగా, పక్క పీరియడులో లెక్కల ఉపాధ్యాయుడు 2.50, 2.5 సమానమనీ చివరి సున్నా తీసేయవచ్చనీ చెబుతారు. గణితంలో అది తప్పు కాదు. కొలతలో మాత్రం 2.5 గ్రాములు అని రాసినవాడి చేతిలో ఉన్న త్రాసు వేరు, 2.50 గ్రాములు అని రాసినవాడి త్రాసు వేరు. ఒకే గోడకు అటూ ఇటూ కూర్చునే ఇద్దరు ఉపాధ్యాయులు ఈ విషయం మీద ఒక్కసారైనా మాట్లాడుకున్న బడులు ఎన్ని ఉంటాయో నాకు సందేహమే.

ఇంకో చిక్కు కూడా తరచూ ఎదురవుతుంది. కొంచెం చురుకైన పిల్లవాడు నియమాలన్నీ నేర్చుకొని, రెండు మోళ్ల సోడియం హైడ్రాక్సైడుకు ఒక మోల్ ఆగ్జాలిక్ ఆమ్లం అన్నప్పుడు ఆ ‘రెండు’లో సార్థక అంకె ఒక్కటే కదా, జవాబును కూడా ఒక్క అంకెకే కుదించాలా అని అడుగుతాడు. చక్కటి ప్రశ్న అది. లెక్కించి చెప్పిన సంఖ్యకూ కొలిచి చెప్పిన సంఖ్యకూ తేడా చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. సమీకరణంలోని గుణకాలు కొలతలు కావు కాబట్టి వాటిలో అనిశ్చితి ఉండదు. అవగాడ్రో సంఖ్య కూడా ఇప్పుడు ఆ కోవలోకే వచ్చింది. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలని అంతర్జాతీయ నిర్వచనం. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12తో ముడిపెట్టి చెప్పేవారు, చాలా తరగతి గదుల్లో నేటికీ అలాగే చెబుతున్నారు.

అసలు లోపం ఇంటర్‌లో కాదు, ఎనిమిది నుంచి పది తరగతుల మధ్యే మొదలవుతోంది. ఆ మూడేళ్లలో పిల్లలు చూసే రసాయన ప్రయోగాలన్నీ దాదాపుగా రంగు మారడం, అవక్షేపం ఏర్పడటం, వాయువు బుడగలుగా రావడం, మండుతున్న పుల్ల టప్పుమని ఆరిపోవడం. అవన్నీ అవసరమే, పిల్లలకు ఆసక్తి పుట్టించేవీ అవే. కానీ వాటిలో దేనికీ కొలత లేదు. త్రాసు ఉండే ప్రయోగం ఒకటే గట్టిగా కనిపిస్తుంది, అది ద్రవ్యనిత్యత్వ నియమానిది. శంకాకార కుప్పెలో ఒక ద్రావణం, దారంతో వేలాడదీసిన చిన్న గొట్టంలో మరొకటి పెట్టి, బిరడా బిగించి, ముందొకసారి, రెండూ కలిపాక ఇంకొకసారి తూచాలి. ముందు 182.4 గ్రాములు, తర్వాత 182.3 గ్రాములు వచ్చాయనుకోండి. చాలా తరగతుల్లో ఏం జరుగుతుందో ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. రెండుచోట్లా 182.4 రాయమంటారు, ఎందుకంటే పుస్తకంలో సమానమని ఉంది.

సంఖ్యల విషయంలో పిల్లవాడు నేర్చుకునే మొదటి పాఠం అక్కడే, అలా పడుతుంది. త్రాసు చూపినదాని కంటే పుస్తకం చెప్పిందే నిజం, పరిశీలనల పట్టిక పరిశీలించి నింపవలసింది కాదు అని అతనికి అర్థమవుతుంది. 182.4, 182.3 అని ఉన్నది ఉన్నట్టు రాయించి, ఈ త్రాసు 0.1 గ్రాము తేడాను నమ్మకంగా పట్టుకోగలదా, అదే కుప్పెను ఏమీ కలపకుండా అయిదుసార్లు తూస్తే అయిదుసార్లూ ఒకే సంఖ్య వస్తుందా అని అడిగి తూయించి ఉంటే ఆ నియమం చెడిపోయేది కాదు. ‘ఈ త్రాసుతో చూడగలిగినంతలో ద్రవ్యరాశి మారలేదు’ అనే వాక్యం ‘ద్రవ్యరాశి మారలేదు’ అనే వాక్యం కంటే బలహీనమైనదని కొందరు అనుకుంటారు. నా దృష్టిలో శాస్త్రవాక్యం అంటే మొదటిదే.

ఆ పాఠం ఇంటర్‌కు వచ్చేసరికి ముదురుతుంది. అంశమాపనంలో, అంటే బ్యూరెట్ అనే గీతల గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి రంగు మారేసరికి ఎంత పట్టిందో చూసే ప్రయోగంలో, రెండు వరుస రీడింగులు కలిసే వరకు ప్రయోగం మళ్లీ మళ్లీ చేయాలన్నది నియమం. ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన, చేతి పొరపాటును పునరావృతంతో పట్టుకోవడం. రికార్డుల్లో మాత్రం మూడు వరుసల్లోనూ 9.8, 9.8, 9.8 అని కనిపిస్తుంది. సాధారణ బ్యూరెట్‌ మీద గీతలు 0.1 మి.లీ. దూరంలో ఉంటాయి, కొన నుంచి జారే ఒక్కో చుక్క రమారమి 0.05 మి.లీ. ఉంటుంది, కొత్తగా నేర్చుకుంటున్న చేయి గులాబీ రంగు వచ్చీరాని క్షణంలో ఒక చుక్క అటూ ఇటూ కావడం సహజం. అలాంటప్పుడు మూడుసార్లూ తేడా లేని సంఖ్య రావడమే అనుమానించవలసిన విషయం. 9.8, 9.9, 9.8 అని నిజాయితీగా రాసిన విద్యార్థికి మార్కు తగ్గుతుందన్న భయం మనమే కల్పించాం. పరీక్షకుడి జవాబుకు ఎంత దగ్గరగా వచ్చిందన్నదాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి ఉన్నంతకాలం, పక్కవాడి రీడింగు తెలుసుకొని తన పట్టిక సర్దుకోవడం విద్యార్థికి తెలివైన పనిగానే తోస్తుంది.

ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. తరగతిలోని పిల్లలను జట్లుగా చేసి, ఒక్కో జట్టును కొలజాడీతో 50 మి.లీ. నీరు కొలిచి, ముందే తూచి ఉంచిన గ్లాసులో పోసి, నీటి ద్రవ్యరాశి కనుక్కోమనాలి. సంఖ్యలన్నిటినీ ఏదీ వదలకుండా నల్లబల్ల మీద రాయాలి. నీటి సాంద్రత ఒకటి కాబట్టి 50 గ్రాములు రావాలని అందరూ ముందే చెబుతారు. 4 డిగ్రీల దగ్గర అది నిజం. మన ఎండల్లో, 30 డిగ్రీల నీటికి సాంద్రత మిల్లీలీటరుకు 0.9957 గ్రాములు, అంటే 49.8 గ్రాములు రావాలి. కానీ బల్ల మీద సంఖ్యలు 49 నుంచి 51 దాకా చెల్లాచెదురుగా ఉంటాయి. ఈ వ్యాప్తి ఎందుకు వచ్చిందని అడిగితే పిల్లలే కారణాలు వెతుకుతారు: కన్ను నీటి మట్టానికి సమంగా లేదు, వంపు తిరిగిన తలానికి అడుగు చూడాలో అంచు చూడాలో తెలియలేదు, జాడీలో చుక్కలు మిగిలిపోయాయి, గ్లాసు బయట తడి ఉంది. ఇంత చెదురులో 0.2 గ్రాముల ఉష్ణోగ్రత ప్రభావాన్ని ఈ జాడీతో చూడగలమా అన్న ప్రశ్న దగ్గర పీరియడు అయిపోతుంది. అయిపోనివ్వండి.

అంత సూక్ష్మమైన తేడాలు ఎవరికి కావాలి అనే వారికి రసాయనశాస్త్ర చరిత్ర నుంచే జవాబు ఉంది. గాలి నుంచి తీసిన నత్రజని లీటరుకు 1.2572 గ్రాములు తూగితే, రసాయన పదార్థాల నుంచి తయారుచేసిన నత్రజని 1.2505 గ్రాములు తూగింది. అర శాతం తేడా. ఆ తూకాలు వేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త రేలీ దాన్ని కొలతలో తప్పని కొట్టిపారేయలేదు, ఎందుకంటే తన కొలతలో తప్పు అంతకంటే చాలా తక్కువని అతనికి తెలుసు. ఆ తేడా వెంట పడి 1894లో రేలీ, రసాయనశాస్త్రజ్ఞుడు రామ్సే కలిసి గాలిలో దాగి ఉన్న ఆర్గాన్ వాయువును పట్టుకున్నారు. 1904లో ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి. తన కొలతను ఎంతవరకు నమ్మవచ్చో తెలియని మనిషి ఆ తేడాను చూసి కూడా దాటిపోయేవాడు.

మనవాడి ఉదాహరణ ఇంకా దగ్గరగా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన పాఠ్యపుస్తకాల్లో, ఉపన్యాసాల్లో మందుల సందర్భంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. కానీ 1925లో ఆయన, తోటి పరిశోధకుడు ఫిస్కే కలిసి ప్రచురించింది ఒక కొలిచే పద్ధతి. రక్తం, మూత్రం వంటి వాటిలో భాస్వరం ఎంత ఉందో నీలి రంగు గాఢతను బట్టి నిర్ణయించే విధానం అది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర పదార్థం ఉన్నట్టు వారు ప్రకటించగలిగింది ఆ కొలత చేతిలో ఉండబట్టే. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో దాన్ని దశాబ్దాల పాటు వాడారు. సుబ్బారావు గారి జయంతి నాడు చిత్రపటానికి దండ వేసే బడుల్లో, రాగి సల్ఫేటు ద్రావణాన్ని నాలుగు పలచన స్థాయిల్లో తయారుచేసి, తెలియని అయిదో ద్రావణం ఏ రెండింటి మధ్యకు వస్తుందో రంగు పోల్చి చెప్పమంటే ఆయన్ను అంతకంటే బాగా తలచుకున్నట్టవుతుంది.

సంఖ్యల పాఠానికి పల్లెటూరి బడిలో ప్రత్యేక సామగ్రి అక్కరలేదు. యూరియా బస్తా చాలు. యూరియా అణువులో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయి కాబట్టి అణుభారం 60, అందులో నత్రజని వాటా 28. శాతం కట్టమంటే 46.67 వస్తుంది. బస్తా మీద 46 అని ఉంటుంది. ఏది తప్పు? రెండూ తప్పు కాదు. ఒకటి శుద్ధమైన పదార్థానికి సూత్రం నుంచి తీసిన సంఖ్య, రెండోది తేమ, బైయూరెట్ అనే మలినం వంటివి కొంత కలిసి ఉండే సరుకులో కనీసం ఇంత ఉంటుందని ఇచ్చిన హామీ. ఇప్పుడు బస్తా 45 కిలోలు, అంటే నత్రజని 20.7 కిలోలు. ఎకరానికి 40 కిలోల నత్రజని వేయాలన్నారనుకుంటే క్యాలిక్యులేటర్ 1.9323671 బస్తాలని చెబుతుంది. రైతు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఆ సంఖ్య వినగానే నవ్వు రావాలి. రెండు బస్తాలకు కాస్త తక్కువ అనే జవాబు రాస్తే పూర్తి మార్కులు ఇవ్వడానికి మనకు చేయి రావాలి.

పక్కనే డీఏపీ బస్తా ఉంటే పాఠం ఇంకా రుచిగా ఉంటుంది. దాని మీద 18, 46 అని ఉంటుంది. యూరియాలో 46 అంటే నత్రజని కదా, ఇందులో భాస్వరం కూడా 46 శాతమేనా అని అడిగితే నూటికి తొంభై మంది అవునంటారు. కాదు. ఆ 46 భాస్వరం పెంటాక్సైడు రూపంలో లెక్కకట్టిన సంఖ్య. మూలకంగా చూస్తే భాస్వరం 20 శాతమే. ఆక్సైడు అణుభారం 142లో భాస్వరం 62 అని తెలిసిన పదో తరగతి పిల్లవాడు దీన్ని రెండు నిమిషాల్లో తేల్చగలడు. సంఖ్య ఒకటే అయినా అది దేన్ని లెక్కిస్తోందో అడగకుండా వాడకూడదన్న జాగ్రత్త దీనితో వచ్చినంత గట్టిగా ఇంకో అభ్యాసంతో రాదని నా నమ్మకం. (బంగారం మీద 916 ముద్ర కూడా ఇలాంటిదే: 22ను 24తో భాగించి చూడమంటే, మూడో అంకె దగ్గర ఎలా ఆపారో పిల్లలు గమనిస్తారు.)

ఓఆర్‌ఎస్ పొట్లం మరో మంచి అభ్యాసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న కూర్పులో లీటరు నీటికి సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. గ్రాముల్లో చూస్తే ఈ నాలుగు సంఖ్యల మధ్య ఏ పొందికా కనిపించదు. మోళ్లలోకి మార్చండి. గ్లూకోజు 13.5ను 180తో భాగిస్తే లీటరుకు 75 మిల్లీమోళ్లు. ఉప్పు నుంచి వచ్చే సోడియం 44, సిట్రేటు అణువుకు మూడు చొప్పున వచ్చే సోడియం 30, మొత్తం 74 చిల్లర. సూత్రంలో చెప్పేది 75. అంటే సోడియం, గ్లూకోజు సమానంగా ఉండేట్టు కూర్చారన్న మాట. పేగులో గ్లూకోజు సాయంతోనే సోడియం, దాని వెంట నీరు లోపలికి చేరతాయి. మోల్ అనే భావన ఎందుకు పుట్టిందో పిల్లవాడికి ఇక్కడ కనిపించినట్టు నిర్వచనంలో కనిపించదు. ఒక లీటరుకు ఉద్దేశించిన పొట్లాన్ని గ్లాసెడు నీళ్లలో కలిపితే గాఢత ఎన్ని రెట్లు అవుతుందన్నది కొసరు ప్రశ్న, అది ఇంట్లో తల్లికి చెప్పవలసిన జవాబు కూడా.

మా ఒంగోలు ప్రాంతంలో నీటి మాట రాకుండా రసాయనశాస్త్రం చెప్పలేం. తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి వైపు పల్లెలకు ఆ బాధ కొత్త కాదు, నల్గొండ సంగతి అందరికీ తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. రంగుల చార్టుతో పోల్చి చూసే పరీక్ష కిట్టులో ఒక రంగుకూ మరో రంగుకూ మధ్య మెట్టు 0.5 అయితే, ఆ కిట్టుతో చూసి ‘1.6 ఉంది’ అని ఎవరైనా రాస్తే ఆ 6 ఎక్కడి నుంచి వచ్చింది? 1.5 అని రాసిన నీరు నిజానికి 1.3 కావచ్చు, 1.7 కావచ్చు. అప్పుడు ఆ బోరు నీళ్లు తాగవచ్చా, లేక ప్రయోగశాలకు పంపి మళ్లీ కొలిపించాలా? పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే నల్గొండ పద్ధతిలో కూడా పటిక మోతాదు ఆ కొలతను, నీటి క్షారతను బట్టే నిర్ణయిస్తారు. పదిహేనేళ్ల పిల్లలు చర్చించవలసిన ప్రశ్నలు ఇవి.

పది ఘాతాల సంగతి వేరే ఉత్తరానికి సరిపడేంత ఉంది కాబట్టి ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. పీహెచ్ స్కేలును పదో తరగతిలో చెబుతున్నాం. తెలంగాణ పదో తరగతి గణితంలో సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) ఉన్నాయి; ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు అనుసరిస్తున్న జాతీయ పాఠ్యపుస్తకంలో లేవు. ఉన్నచోట కూడా ఆ రెండు పాఠాలు ఒకదానికొకటి ఎదురుపడవు. పీహెచ్ 3 ఉన్న ద్రావణం 6 ఉన్నదాని కంటే ఎన్ని రెట్లు ఆమ్లమని అడిగితే రెండు రెట్లు అని చెప్పే పిల్లలే ఎక్కువ. ఆ స్కేలులో ఒక్కో అంకె తేడా పదింతలు కాబట్టి జవాబు వెయ్యి రెట్లు. అది చెప్పడానికి సంవర్గమానం అక్కరలేదు, ఒక చుక్క నిమ్మరసాన్ని పదింతలు, మళ్లీ పదింతలు, ఇంకోసారి పదింతలు పలచన చేసి చూపిస్తే చాలు.

దీనికి సామగ్రి ఏదని అడుగుతారు. 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసులు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. దానితో ఒక్క బియ్యపు గింజను తూస్తే 0.01 అనో 0.02 అనో చూపిస్తుంది, అది ఉన్నా లేనట్టే. వంద గింజలు లెక్కపెట్టి తూచి వందతో భాగిస్తే గింజ బరువు నమ్మదగినట్టుగా వస్తుంది. ఆ తర్వాత గుప్పెడు బియ్యం తూచి, ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టకుండా చెప్పమనాలి. ఒక జట్టు మాత్రం ఓపికగా లెక్కపెట్టి సరిచూడాలి. వ్యవసాయ పరిశోధకులు వరి రకాలను పోల్చేటప్పుడు వెయ్యి గింజల బరువు చూసేది ఇలాగే, రసాయనశాస్త్రజ్ఞుడు తూచి అణువులను లెక్కపెట్టేది కూడా ఇలాగే. బ్యూరెట్ లేని బడిలో సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి పనికొస్తుంది. పలచన చేసిన నిమ్మరసంలో కాస్త పసుపు కలిపి, సున్నపు తేటను సిరంజితో చుక్కచుక్కగా వదిలి, రంగు ఎర్రబారినప్పుడు ఎంత ఖర్చయిందో చూడటం పదో తరగతి పిల్లలు చేయగలిగిన అంశమాపనమే. సున్నపు తేట కళ్లలో పడకుండా చూసుకుంటే చాలు.

అసలు అడ్డంకి సామగ్రి కాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 68 సెకన్లకు కాస్త తక్కువ. నాలుగు జవాబుల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది కాబట్టి 126.07ను 126గా, కొన్నిసార్లు 125గా తీసుకొని గబగబా సున్నాలు కొట్టేసినవాడే నెగ్గుతాడు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. దగ్గరి సంఖ్యతో అంచనా వేయగలగడం మంచి నైపుణ్యమే. కానీ ప్రమాణాన్ని జవాబుతో పాటు ప్రశ్నపత్రమే ముద్రించి ఇస్తుంది, సంఖ్య ఎక్కడ ఆగాలో కూడా అదే నిర్ణయిస్తుంది. ఇక ఆ రెండింటి గురించి విద్యార్థి ఎందుకు పట్టించుకుంటాడు? ఎనిమిదో తరగతి నుంచే ఆ పరీక్షకు తయారుచేస్తామని ప్రకటించుకునే పాఠశాలలు ఉన్న చోట, నీళ్లు కొలవడానికి ఒక పీరియడు పోగొట్టుకోవడం నష్టంగానే కనిపిస్తుంది. తల్లిదండ్రులను కూడా పూర్తిగా తప్పుపట్టలేం.

అందుచేత మార్పు పరీక్ష వైపు నుంచే రావాలి, అది పెద్ద మార్పు కానక్కరలేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలోనూ ఇంటర్ ప్రయోగ పరీక్షలోనూ ప్రమాణం రాయని సంఖ్యా జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వరాదని మూల్యాంకన సూచనల్లో స్పష్టంగా చేర్చాలి. ప్రయోగ పరీక్షలో అంతిమ జవాబు పరీక్షకుడి సంఖ్యకు ఎంత దగ్గరగా ఉందన్నదానికి ఇచ్చే మార్కుల్లో కొంత భాగాన్ని, కొట్టివేతలతో సహా ఉన్న అసలు రీడింగుల పట్టికకు, వాటి మీద విద్యార్థి చెప్పే వివరణకు మళ్లించాలి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రయోగ నివేదికకు ఎలాగూ చోటు ఉంది. అందులో ‘ఈ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు, ఎందుకు’ అన్న ఒక్క ప్రశ్నను తప్పనిసరి చేస్తే చాలు. వృత్యంతర శిక్షణల్లో భౌతిక రసాయన శాస్త్రాల, గణిత ఉపాధ్యాయులను ఒక పూట కలిపి కూర్చోబెట్టి, ప్రామాణిక రూపం, సవరించడం, నిష్పత్తి అనే మూడు విషయాల్లో రెండు తరగతుల్లోనూ ఒకే మాట చెప్పేలా చూడాలి.

ప్రశ్నపత్రం తయారుచేసేవారి కోసం ఒక నమూనా ఇక్కడే ఇస్తున్నాను. నలుగురు విద్యార్థులు ఒకే ద్రావణంతో చేసిన అంశమాపనంలో 24.6, 24.5, 26.1, 24.6 మి.లీ. వచ్చాయి. మూడో రీడింగును కూడా కలిపి సగటు తీయాలా, వదిలివేయాలా? వదిలివేసే ముందు ఆ విద్యార్థిని ఏయే విషయాలు అడుగుతారు? మీ సగటును ఎన్ని దశాంశ స్థానాల వరకు రాస్తారు? నాలుగు మార్కులు.

భవదీయుడు,
విశ్రాంత భౌతిక రసాయన శాస్త్రాల ఉపాధ్యాయుడు,
ఒంగోలు